మన నేలను చదువుట: అనంతపురపు సీమలో గుట్ట మొదలు మడి వరకు



పుస్తకమును చదువుటకు అక్షరజ్ఞానము వలయును. నేలను చదువుటకు కాళ్లును కన్నులును చాలును. తన చేనిలో నీరెక్కడ నిలుచునో, ఎక్కడ జారునో, గుంటక ఎచ్చట మొరాయించునో ప్రతి రైతునకును తెలియును. కాని తన చేనికి పైనున్న నేల యెట్టిదో, క్రిందనున్న నేల యెట్టిదో, ఆ రెండింటిని ఊరివారు వాడుకొను తీరు తన పంటనెట్లు మార్చుచున్నదో విచారించువారు తక్కువ. ఈ నెల పాఠమున మేము ఒక సీమ నేలను గుట్టమీదినుండి మడి వరకు వరుసగా చదివి చూపెదము. చదువరులు తమ తమ గ్రామములలో అట్లే చదువవలెనని మా కోరిక.

1. సీమ స్వరూపము

అనంతపురపు సీమ యనగా 1882లో బళ్లారి జిల్లానుండి విడదీయబడిన పాత జిల్లా యంతయునని యిచ్చట గ్రహింపవలెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన దీనినుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరు చేయబడినది. ఐనను వానకును వంకకును ఆ హద్దు లేదు. రెండును కలిసిన వైశాల్యము సుమారు 19,130 చదరపు కిలోమీటర్లు. ఇందు సుమారు పదవపాలు అడవి. సగమునకు మించినది సాగునేల.

ఈ సీమ దక్షిణమున ఎత్తు, ఉత్తరమునకు పోనుపోను పల్లము. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల ఎత్తున నుండగా, అనంతపురము సుమారు 335 మీటర్ల ఎత్తున నున్నది. తాడిపత్రి యింకను దిగువ. నంది కొండలలో పుట్టిన పెన్న హిందూపురము వైపున ప్రవేశించి ఉత్తరముగా పారి, పిదప తూర్పునకు తిరిగి, తాడిపత్రి మీదుగా కడప సీమకు పోవును. చిత్రావతియు ఆ కొండల ప్రాంతమునుండియే వచ్చును. పడమట వేదవతి, దానినే హగరి యందురు, తుంగభద్రలో కలియును. ఇవన్నియు ఏడాదిలో హెచ్చు కాలము ఇసుకయే కనబడు నదులు.

వాన సంగతి యిట్లున్నది. సగటున ఏడాదికి సుమారు 552 మిల్లీమీటర్లు. అందు నైరృతి ఋతుపవనమువలన సుమారు 338, ఈశాన్య ఋతుపవనమువలన సుమారు 156, మిగిలినది వేసవి జల్లులు. నైరృతి మేఘములు పడమటి కనుమలమీదనే తమ బరువు దింపుకొని వచ్చును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు ఇచ్చటికి చేరునప్పటికి పలుచబడును. రెండు ఇండ్ల చుట్టమునకు ఏ యింటను వడ్డన సరిగా జరుగనట్లు, ఈ సీమకు రెండు ఋతువులును అరకొరగానే అందుచున్నవి. గావున ఇచ్చటి వ్యవసాయమంతయు, పడిన చినుకును ఎవరు ఎచ్చట నిలుపుకొందురను ప్రశ్నమీద ఆధారపడి యున్నది.

2. గుట్టనుండి దిగుచు చూచిన మెట్లు

మొదటి మెట్టు గుట్ట. పెనుకొండ, గుత్తి, మడకశిర ప్రాంతములలో కనబడు రాతిగుట్టలకు పంటతో పనిలేదని తలంచుట పొరపాటు. గుట్టమీద పొదయు గడ్డియు నున్నచో వాననీరు మెల్లగా దిగును. మట్టిని వెంట తేదు. గుట్ట బోడియైనచో గంటలోనే ఎర్రని వరద దిగి, క్రిందనున్న చేనిని కోసి, చెరువును పూడ్చును.

రెండవ మెట్టు గుట్టపాదమునందలి బీడు. ఇది గొఱ్ఱెలకును మేకలకును మేత. అడంగల్ లెక్కలో దీనికి విలువ లేకపోవచ్చును గాని, ఈ బీడే మంద నిలుచుటకు ఆధారము. మందయే చేనికి ఎరువు. బీడు దున్నబడినచో మంద తగ్గును. మంద తగ్గినచో చేనిలో రాత్రులు మంద కట్టించు ఆచారము తగ్గును. చేను బలము తగ్గును. దున్నిన బీడు ఒకటి రెండేండ్లు పండి, పైమట్టి పోయి, రాయి తేలిన తరువాత మేతకును పనికిరాదు.

మూడవ మెట్టు ఎర్రచేను. ఈ సీమలో సుమారు ముప్పాతికపాలు ఎర్రనేలయే. దీని లోతు తక్కువ, అడుగున గట్టిరాయి. వాన పడగానే పదునెక్కును, పది పదునైదు దినములు ఎండ కాచినచో వాడును. వాన వెలిసిన పిదప పైపొర అట్టకట్టి నీరు జారిపోవును. ఇట్టి నేలకు తరచుగా చిన్నవానలు కావలెను. మన ఆకాశము అరుదుగా పెద్దవానల నిచ్చును. ఇదియే ఎర్రచేను కష్టమునకు మూలము.

నాలుగవ మెట్టు చెరువు. ఊళ్ల పేర్లే దీని ప్రాధాన్యమును చాటుచున్నవి: బుక్కరాయసముద్రము, కొత్తచెరువు, నల్లచెరువు. విజయనగర రాజుల కాలమున, 14వ శతాబ్దమున కట్టబడిన బుక్కరాయసముద్రపు చెరువును, చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణపు చెరువును మనవారు నేటికిని చూచుచున్నారు. కట్ట, తూము, మరువ అను మూడును అందరికిని తెలిసినవే. నాలుగవ అంగమైన వంకకాలువయే మరువబడుచున్నది. పై చెరువు మరువ పారిన నీరు క్రింది చెరువునకు పోవు దారి యదియే. కాలువలో కంపచెట్లు పెరిగినను, ఎవరైన గట్టును జరిపి కలుపుకొన్నను, కట్ట యెంత బలముగా నున్నను చెరువు నిండదు.

అయిదవ మెట్టు మడియు తోటయు. చెరువుక్రింది నేల మడి. బావిక్రింది నేల తోట. వానమీది నేల చేను. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి పొలములను కొలిపించి తరగతులు కట్టించినప్పుడును నేలను ఈ మూడు విధములుగానే లెక్కించిరి. మన రైతులు అంతకు ఎంతో ముందునుండి అట్లే పిలుచుచున్నారు. మూడు పేర్లకును మూలము నీరే యని గమనింపవలెను.

ఈ వరుసకు వెలుపల నున్నది నల్లరేగడి. ఉరవకొండ, విడపనకల్లు, కణేకల్లు, తాడిపత్రి వైపున ఇది విస్తారముగా నున్నది. సీమలో సుమారు పాతికపాలు. ఎర్రనేల చేతిసంచి వంటిది, నల్లనేల గాదె వంటిది. సెప్టెంబరు, అక్టోబరు వానలను దాచుకొని, చలికాలపు మంచుతో పప్పుశనగను పండించి యిచ్చును. కాని నైరృతి వానలకు ఈ నేల బోడిగా నుండుటచే, అప్పటి పెద్దవానకు మట్టి కొట్టుకొనిపోవును. నల్లనేలకు గట్లు అక్కరలేదనుకొనువారు ఈ సంగతి తలంపవలెను.

3. ఒక ఎకరపు వాన లెక్క

బడిలో పిల్లలు వేయదగిన లెక్క యొకటి చెప్పెదము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సుమారు 4,000 లీటర్ల నీరు. 20 మిల్లీమీటర్ల జల్లు పడినచో 80,000 లీటర్లు. ఏడాదిలో 552 మిల్లీమీటర్లు పడినచో 22 లక్షల లీటర్లకు పైమాట. ఇంత నీరు మన చేనిమీద పడుచున్నది, మనమెంత నిలుపుకొనుచున్నాము?

ఇప్పుడు ఖర్చు చూతము. ఒక ఎకరము వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అనగా 48 లక్షల లీటర్లు కావలెను. రెండెకరములమీద ఏడాది పొడుగున పడిన వాననంతయు చుక్క పోకుండ పట్టినను ఒక ఎకరము వరికి చాలదు. బోరుతో వరి పెట్టిన యెడల లెక్క మరింత కఠినము. మన రాతినేలలో పడిన వానయందు అడుగునకు దిగి బోర్లకు అందునది సుమారు పదవపాలు మాత్రమే. అనగా ఎకరమునకు 2 లక్షల 20 వేల లీటర్లు. ఆ చొప్పున ఒక ఎకరము వరిని బోరుతో పండించుటకు ఇరువది ఎకరములకు మించిన నేలలో దిగిన నీరు కావలెను. మడిలో పెట్టిన నీరు కొంత మరల అడుగునకు దిగునని తీసివేసినను, ఒక రైతు వరికి పదిమంది రైతుల నీరు ఖర్చగుచున్నదని తేలుచున్నది.

పూర్వము కపిల తోలు కాలమున ఎద్దుల బలమే నీటికి హద్దు. ఎద్దులు అలసినచో బావి విశ్రమించును, రాత్రి ఊట ఊరును. బోరునకు అట్టి అలసట లేదు. రాతి పగుళ్లలోనున్న నీటికి సర్వే నెంబరు లేదు. సరిహద్దు రాయి లేదు. పొరుగువాడు లోతుగా వేసినచో మన బోరు ఎండును. మనము మరింత లోతునకు పోయినచో అతనిది ఎండును. బోరు ఎండిన తరువాత దానికై తెచ్చిన అప్పు ఎండదు. 2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము క్రొత్త బోర్లకు అనుమతియు నమోదును విధించినది. చట్టము కాగితముమీద నుండగా, దానిని పొలములో అమలుపరచవలసినవారము మనమే.

తుంగభద్ర ఎగువ కాలువ నీరును, శ్రీశైలమునుండి హంద్రీ–నీవా పథకముచే ఎత్తిపోయబడు కృష్ణానీరును కొన్ని తావులకు అందుచున్నవి. అందిన చోట అదృష్టమే. కాని పైనుండి వచ్చు నీటినే నమ్మి మీదినుండి పడు నీటిని విడుచుకొనుట వివేకము గాదు.

4. ఒకే పంటతో నిండిన సీమ

పూర్వము ఎర్రచేనిలో కొఱ్ఱ, జొన్న, సజ్జ, ఆరిక, ఉలవ, కంది, ఆముదము కలిసి యుండెడివి. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరుశనగ వానినన్నిటిని త్రోసివేసి, ఒకానొక కాలమున ఎనిమిది లక్షల హెక్టార్లను మించి వ్యాపించినది. ఇటీవల ఆ విస్తీర్ణము తగ్గినది. చీనీ, అరటి, దానిమ్మ, మామిడి తోటలు పెరిగినవి.

రైతు వేరుశనగను తెలియక పట్టుకొనలేదు. అది కొంత బెట్టను ఓర్చును. అమ్మకమునకు వెంటనే డబ్బునిచ్చును. కట్టె పశువులకు మంచి మేత. దోషము పంటది కాదు, ఒంటరితనముది. కాయ దిగు కాలమున వాన పోయినచో సీమ మొత్తమున ఒకే దినమున నష్టము కలుగును. ఊరంతయు ఒకే ధరకు అమ్ముకొనవలసి వచ్చును. మొక్కను వేళ్లతో పెరికి తెచ్చుటచే నేలలో ఆకు మిగులదు, వేరు మిగులదు. పెరికిన చేను గాలికి తెరువబడి యుండును. జొన్నకొయ్యలు నేలను పట్టియుంచిన కాలము పోయినది.

అందుచే మేము చెప్పునది వేరుశనగను మానుమని కాదు. దానికి తోడు నిమ్మని. ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేసినచో, కాయ పోయిన ఏట కందియైన నిలుచును. కంది వేరు లోతునకు పోయి, వేరుశనగ చేరలేని తేమను తీసికొనును. రాల్చిన ఆకు నేలకు చేరును. విత్తిన పిమ్మట వాలునకు అడ్డముగా కొంతకొంత దూరమున గొడ్డుచాలు తీసినచో జారు నీరు అందులో నిలుచును. వాన ఆలస్యమై వేరుశనగకు అదను తప్పినప్పుడు విత్తనకాయను నేలపాలు చేయక కొఱ్ఱ, సజ్జ, ఉలవల వంటి స్వల్పకాలపు పంటల నాశ్రయింపవలెను. ఆ విత్తనములు అదనునకు దొరకవలెనన్నచో ముందుగా సంఘపు గోదాములో నుంచుకొనవలెను.

చీనీ తోటల విషయమున ఒక హెచ్చరిక. వేరుశనగ ఒక ఏడు పోయిన మరుసటి ఏడు మరల విత్తవచ్చును. చెట్టు ఒక వేసవి నీరు లేక ఎండినచో ఏండ్ల పెంపకము పోవును. గావున తోట పెట్టువాడు మంచి ఏటి బోరును చూచి గాక, చెడ్డ ఏటి వేసవిలో ఆ బోరు ఇచ్చిన నీటిని చూచి చెట్ల సంఖ్యను నిర్ణయించుకొనవలెను.

5. గట్టుమీది కలుపునకును చేనికిని గల సంబంధము

గట్టు, దారిప్రక్క, బీడు ఎవరివి అని అడిగినచో, ఎవరివియు కావని జవాబు వచ్చును. 2000 సంవత్సరపు ఖరీఫ్‌లో ఆ జవాబునకు ఈ సీమ ఎంతో మూల్యము చెల్లించినది. ఆ ఏట వేరుశనగకు కాండము కుళ్లు వైరస్ తెగులు సోకి సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పైరును చెఱచినది. లేతమొక్కల చివుళ్లు మాడి, కాండము నల్లబడి, చేలు చచ్చినవి.

శాస్త్రజ్ఞులు విచారింపగా దానికి టొబాకో స్ట్రీక్ వైరస్ కారణమని తేలినది. అది దాగియుండు ముఖ్యమైన చోటు, మనము వయ్యారిభామ యనియు కాంగ్రెసుగడ్డి యనియు పిలుచు కలుపుమొక్క. ఆ మొక్కకు తాను రోగినని పైకి కనబడదు. దాని పుప్పొడి గాలితోను తామరపురుగులతోను వచ్చి వేరుశనగ ఆకులపై పడును. తామరపురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయముగుండ వైరస్ లోనికి ప్రవేశించును. మందు కొట్టుటకంటె ముందు చేయదగిన పనులు రెండు. పూత రాకమునుపే గట్లమీదను బీళ్లలోను వయ్యారిభామను పెరికివేయుట యొకటి. చేనిచుట్టు నాలుగైదు సాళ్లకు తక్కువ కాకుండ జొన్ననో సజ్జనో ఒత్తుగా వేసి పురుగు రాకను అడ్డగించుట రెండవది.

మొదటి పని ఒక్కడు చేసినచో ఫలింపదు. తన గట్టును శుభ్రము చేసినవాని చేనిమీద పొరుగు బీటి పుప్పొడి పడును. ఊరు కలిసి ఒకే వారమున చేయవలెను. నేల వినియోగమనునది చేనితో ముగియదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

6. నడచి వచ్చు ఇసుక

పడమట బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో వేదవతి ఒడ్డున ఇసుకదిబ్బలు కలవు. దర్గాహొన్నూరు చుట్టుపట్ల వీనిని చూడవచ్చును. నది హెచ్చు కాలము ఎండియుండుటచే, జూన్ మొదలు ఆగస్టు వరకు వీచు పడమటి గాలి ఏటి ఇసుకను లేపి తూర్పు గట్టుమీది పొలములలో పోయుచున్నది. క్రిందనున్నది మంచి నల్లరేగడి. పైన పొరలుపొరలుగా ఇసుక. ఆ పొలము రైతు పాపము సోమరి కాడు. అతని చేనిని పాడుచేయునది ఏటికిని చేనికిని నడుమ చెట్టు లేకపోవుట.

ఇసుకను ఎత్తిపోయుట ఒక్క ఏటి పని. ఇసుకను నిలుపుట శాశ్వతమైన పని. గాలికి అడ్డముగా వరుసలు వరుసలుగా చెట్లు నాటి, వాని మొదట గడ్డియు పొదలును పెరుగనిచ్చి, మేకలు సోకకుండ కొన్నేండ్లు కాపాడినచో గాలి వేగము తగ్గి ఇసుక అచ్చటనే ఆగును. దిబ్బను చదునుచేసి చెట్టు పెట్టక విడిచినచో మరుసటి గాలికి పని సులభము చేసినట్లే యగును.

7. సంఘము చేయదగిన పనులు

మన సహకార సంఘము విత్తనములకును ఎరువులకును అప్పిచ్చుటతో తృప్తిపడరాదు. గట్టును ఒక్కడు వేసికొనవచ్చును. వంకను ఒక్కడు బాగుచేయలేడు. ఎక్కడ ఒక్కని చేయి చాలదో అచ్చటనే సంఘమునకు పని యున్నది.

మొదటిది, వేసవిలో వంకకాలువల కంప తీయించుట. రెండవది, చెరువు ఎండినప్పుడు ఒండ్రుమట్టిని సభ్యుల ఎర్రచేలకు తోలించుట. దీనివలన చెరువునకు లోతు, చేనికి పదును నిలుపు శక్తి, రెండును కలుగును. మూడవది, కొఱ్ఱ, ఉలవ, కంది విత్తనములను నిలువయుంచుట. నాలుగవది, క్రొత్త బోరునకు అప్పు కోరువాని దరఖాస్తు వచ్చినప్పుడు, ఆ చుట్టుపట్ల నెన్ని బోర్లు ఎండినవో విచారించి గాని ఇవ్వకుండుట. ఇది కఠినముగా తోచవచ్చును. తీర్చలేని అప్పును ఇచ్చుటకంటె ఇది దయగల పని.

8. అభ్యాసము

చదువరులు ఒక ఉదయమున నలుగురు కలిసి గుట్టమీదినుండి చెరువు వరకు నడచి, ఒక కాగితముమీద ఊరి పటము గీయవలెను. వాన పడుచుండగా నడచినచో మరింత మంచిది. నీరు తానే దారి చూపును. పిదప ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసి సంఘసభలో చదువవలెను.

1. మీ యూరి గుట్టమీద దిగు నీరు ఏయే చేలగుండ పోయి ఏ చెరువున చేరుచున్నది? నడుమ ఎచ్చట ఎఱ్ఱబడుచున్నది?

2. మీ తండ్రుల కాలమున బీడుగా నుండి నేడు దున్నబడిన నేల యెంత? అది నేడు ఏమి పండించుచున్నది?

3. మీ చెరువునకు నీరు తెచ్చు వంకకాలువ యెంత వెడల్పు? ఎచ్చట ఇరుకైనది?

4. ఊరిలో పారుచున్న బోర్లెన్ని, ఎండిన బోర్లెన్ని? ఎండినవానిమీద మిగిలిన అప్పు ఎంత?

5. ఈ ఏట వేరుశనగ పోయినచో మీ చేనిలో మిగులునది ఏమి?

అయిదవ ప్రశ్నకు ఏమియు లేదను జవాబు వచ్చిన సభ్యులు, విత్తనకాయ కొనుటకు ముందే సంఘపు కార్యదర్శిని కలిసి కంది విత్తనమునకు పేరు వ్రాయించుకొనవలెను.